సీ షిఫ్ట్ నిద్ర

ఇది ఒక మహాయాత్ర కథ. ఇందులో సప్త సముద్రాలున్నాయి, మేఘాలున్నాయి, పరదేశపు కోట ఉంది. నిజం చెప్పాలంటే సముద్రాలు చీకట్లో కనబడలేదు, కోట అంటే జర్మనీలో ఒక చిన్న ఊరి హోటల్లో మూడో అంతస్తు గది, కథానాయకుడు పొద్దుటి నుంచి పరుపు మీద బోర్లా పడి ఉన్నాడు. మాత్రలు ప్యాక్ చేసే మిషన్ నేర్చుకొమ్మని కంపెనీ పంపింది. క్లాసు రేపు. ఈ రోజు ఆదివారం, దుకాణాలన్నీ బంద్, నా పని విశ్రాంతి. చప్పుడు చేయవద్దని రాసిన ఎర్ర అట్టముక్క తలుపు పిడికి వేలాడుతోంది.

నాచారంలో మా ఇంటికి అట్టముక్క అవసరం పడలేదు. అమ్మ ఉండేది.

బాపు మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సీ షిఫ్ట్ పడిన వారాల్లో రాత్రంతా పనిచేసి, పొద్దున ఏడింటికి వచ్చి, ఇంత సర్వపిండి తిని, ఎంత తోమినా పోని చేదు మందు వాసన చేతులతో గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అక్కడి నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా అక్కా నేనూ గిచ్చుకోవచ్చు గానీ అరవకూడదు; గల్లీలో పాత సాక్సులు చుట్టిన బంతితో క్రికెట్ ఆడి, అవుటా కాదా అనే తగాదా మొత్తం పెదవులతోనే తేల్చుకోవాలి; సకినాలు కరకరమంటాయి కనుక చాయ్‌లో నానబెట్టి మింగాలి. అమ్మ కుక్కర్ మోసుకుపోయి పక్కింట్లో విజిళ్లు వేయించుకొచ్చేది, వానాకాలం మా రేకుల మీద వాన దబదబ పడితే ఆకాశాన్ని కిరాయికి వచ్చిన కొత్తవాళ్లను చూసినట్టు చూసేది. గట్టిగా నవ్వాలంటే బస్సెక్కి ఉప్పల్లో మేనమామ ఇంటికి పోయి నవ్వి రావాలి. నా జోకులన్నీ గుసగుసల్లో పుట్టినవే.

ఒక బోనాల ఆదివారం, వేపాకు, సాంబ్రాణి వాసనల మధ్య ఊరేగింపు మా గల్లీలోకి తిరిగింది. అమ్మ డప్పుల ముందుకెళ్లి దండం పెట్టింది.

"అన్నా, జర మా ఇల్లు దాటేదాక ఆపుండ్రి. సీ షిఫ్ట్ జేసి పండుకున్నడు."

"మరి అమ్మోరికి ఏం జెప్పాలె వదినె?"

"అమ్మోరికి నేను జెప్పుకుంట. నువ్వు నడువు."

డప్పులు ఆగాయి. బోనాలెత్తుకున్న ఆడవాళ్లు పిల్లుల్లా అడుగులేశారు. సరిగ్గా అప్పుడే బాపు లుంగీ సర్దుకుంటూ బయటికి ఉరికొచ్చాడు.

"ఏమైందే? డప్పులెందుకు ఆగినయ్? ఎవలన్న కిందవడ్డరా?"

గల్లీ అంతా నవ్వింది. అమ్మ ఏడాది పాటు ఆ డప్పులాయనతో మాట్లాడలేదు.

మాకు అప్పుడే అర్థం కావాల్సింది. కాలేదు. పోయినేడు దవాఖానాలో, బాపు మంచం పక్కన ఎప్పటిలాగే నిశ్శబ్దంగా కూర్చుంటే కళ్లు తెరిచాడు.

"జర ఏమన్న మాట్లాడురా. సప్పుడు లేకుంటె నాకు నిద్రవట్టది. అప్పుడు గూడ గంతే."

"ఎప్పుడు బాపు?"

"సీ షిఫ్టప్పుడు. పోరగాండ్లకు ఏమైందో అని కండ్లు మూసుకొని ఇనుకుంట పండుకుంటుంటి."

"మరి జెప్పలేదేంది?"

"మీ అమ్మ గంత కష్టపడుతుండె. ఎట్ల జెప్తరా?"

అన్నేళ్లు మేము కాపలా కాసింది బాపు నిద్రకు కాదు, బాపు మెలకువకు. ఇప్పుడైనా మాట్లాడాలి. ఆఫీసులో నోరు మూయమని బతిమాలించుకునే నాకు ఒక్క మాట రాలేదు. ఒక్క పాడు జోకు కూడా రాలేదు. బాపు కాసేపు చూసి, మర్యాదగా కళ్లు మూసుకున్నాడు. నిద్రపోలేదని నాకు తెలుసు.

మూడో రోజు పోయాడు. ఇంటికి తెచ్చినప్పుడు అమ్మ, అక్క, గల్లీ మొత్తం గుండెలు బాదుకుని ఏడ్చారు. ఆ ఇంట్లో పగటిపూట అంత చప్పుడు కావడం అదే మొదలు. బాపు లేవలేదు.

ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు, అపార్ట్‌మెంట్లు లేచాయి. మా రేకులు పోయి స్లాబు పడింది, వానొస్తే తెలియదు. ఇక్కడ పరుపు మెత్తగా ఉంది, దుప్పటి తెల్లగా ఉంది, పొద్దుటి నుంచి ఒక్క చప్పుడు లేదు. రెప్ప పడటం లేదు. కనీసం ఒక బండి హారన్ అయినా వినబడుతుందేమోనని లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను.

ఈ హోటల్లో కిటికీలు తెరుచుకోవు.