కుడిచేతి మొక్కు గాజులు

ఆ ఉదయం పప్పు రుబ్బుతుంటే నా కుడిచేతి గాజులు చప్పుడు చెయ్యలేదు. ఎడమచేత్తో పొత్రం తిప్పుతూ, కుడిచేత్తో పప్పు రోట్లోకి తోస్తున్నాను. ఎడమచేతివి మోగుతున్నాయి. కుడిచేతివి మోగడం లేదు. పొత్రం ఆపి చూసుకున్నాను. గాజులన్నీ మణికట్టు మీద ఒకదానికొకటి ఆనుకుని, చర్మంలోకి దిగి ఉన్నాయి. వేలితో తిప్పబోతే తిరగలేదు. నొప్పి లేదు. చెయ్యి మాత్రం తడిసిన గోనెసంచిలా బరువుగా ఉంది.

వైద్యం పూర్తయింది, ఇంక ఇంటిపనులు చూసుకోవచ్చునని డాక్టర్లు పంపేసిన తరువాత వచ్చిన మొదటి వానాకాలం అది.

మాది రాజాం. మా ఆయనకు బజారులో అపరాల కొట్టు ఉంది. నేను బడికి పోలేదు. కొట్లో పొట్లాలు కట్టడానికి తెచ్చిన పాత పత్రికల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. తరువాత ఊళ్ళో గ్రంథాలయం పెట్టారు. ఆడవాళ్ళు అక్కడికి వెళ్ళే అలవాటు లేదు. మా ఆయనే పుస్తకాలు తువ్వాలులో చుట్టి తెచ్చేవారు. ఆ గ్రంథాలయం బీరువాలో నేను చదవని పుస్తకాలు తక్కువ. శరీరశాస్త్రమైతే మళ్ళీ మళ్ళీ తెప్పించుకున్నాను. గుండెకు ఎన్ని గదులో మా వీధిలో మరొక ఆడదానికి తెలియదని నాకు గర్వంగా ఉండేది.

కాని నా ఒంట్లో పుట్టిన గడ్డను ఆ చదువు పోల్చుకోలేదు. పసుపు రాసుకుని స్నానం చేస్తుంటే కుడిరొమ్ములో శనగగింజంత గట్టిగా తగిలింది. నొప్పి లేదు కనుక ఊరుకున్నాను. రేగుపండంత అయ్యాక మా అత్తగారికి చెప్పాను. ఆవిడ ఉమ్మెత్తాకు వెచ్చచేసి కట్టింది. తగ్గకపోతే మిషను ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ గడ్డను నొక్కి చూసి, చంకలో కూడా వెతికి, "ఇది ట్యూమర్. ఇక్కడ చేసేది కాదు. విశాఖపట్నం వెళ్ళండి, ఆలస్యం చెయ్యకండి" అంది.

విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు. రొమ్ము, దాని కింది కండ, చంకలోని గ్లాండ్స్ అన్నీ తీసేశారు. పుండు ఆరాక, లోపల మిగిలిన జబ్బును మాడ్చే డీప్ ఎక్స్‌రే కోసం మద్రాసు పంపారు. అది పెడుతున్నప్పుడు ఏమీ తెలియదు. తరువాత చర్మం కాలి నల్లబడింది, అన్నం వాసన గిట్టలేదు. మళ్ళీ విశాఖపట్నం వచ్చి చూపించుకున్నాం.

ఆ రోజు డాక్టరు చెప్పిన మాట నేనొక్కదాన్నే విన్నాను. మా ఆయన జట్కా కోసం వెళ్ళారు. మా అత్తగారు మడి పోతుందని వార్డులోకి రాకుండా వరండాలో కూర్చుంది.

"వ్యాధి ఇప్పుడు కనిపించడం లేదు. మళ్ళీ వస్తుందా అంటే నేను చెప్పలేను. కుడిచెయ్యి జాగ్రత్త. దానికి బిగుతుగా ఏదీ ఉండకూడదు, గీసుకోకూడదు. స్వెల్లింగ్ వస్తుంది" అన్నాడాయన.

మా అత్తగారి గురించి చెప్పాలి. మా ఆయన పసివాడుగా ఉన్నప్పుడే ఆవిడ భర్త పోయాడు. కొట్టును, కొడుకును ఆవిడే నిలబెట్టింది. ఇంట్లో ఆవిడ మాటే చెల్లుతుంది. ఆపరేషన్‌కు ముందు నర్సు నా గాజులు తీయించినప్పుడు, మా ఆయన చేత నా రెండు మణికట్లకూ పసుపుదారాలు కట్టించింది. కోడలు నడిచి ఇంటికి వస్తే రెండు చేతులనిండా గాజులు వేయిస్తానని అరసవల్లి దేవుడికి మొక్కుకుంది కూడా. అందుకని రైలు దిగి తిన్నగా అరసవల్లి వెళ్ళాం. దర్శనం అయ్యాక గాజుల దుకాణం ముందు కూర్చోబెట్టారు.

"అత్తా, కుడిసేతికి బిగువు తగలకూడదని డాక్టరు సెప్పినాడు" అన్నాను.

"తాడూ గుడ్డా కట్టొద్దని అనుంటాడు. గాజులేటి బిగువే? రెండు సేతులకీ అని మొక్కి, ఒక సేతికేసి ఊరుకుంటే సామి ఏటనుకుంటాడు?"

దుకాణం సెట్టి నవ్వాడు. "వదులుగాజు ఉట్టినే పగిలిపోతాదమ్మా. సేతికి అంటుకునుంటేనే అందం" అని అరచేతికి నూనె రాసి, బొటనవేలు లోపలికి మడిచి, ఒక్కొక్క గాజే ఎక్కించాడు. మా అత్తగారు నాలుగడుగుల దూరంలో నిలబడి చూసింది. ముత్తయిదువ గాజులు తాను ముట్టుకోకూడదని ఆవిడ పట్టుదల. నా చేతులు నిండాక కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ పచ్చగాజులు చూసుకుంటే నాకూ సంతోషంగానే ఉంది. పసుపుదారాల చేతులు చూసి చూసి విసిగిపోయాను.

ఇంటికి వచ్చాక తెలిసింది, వైద్యం అయిపోవడం వేరు, మునుపటిలా ఉండడం వేరు. కుడిచెయ్యి భుజం దాటి లేచేది కాదు. జడ వేసుకోలేను. ఉట్టి అందుకోలేను. నూతిలో చేద వేస్తే పైకి రాదు. చూడడానికి వచ్చినవాళ్ళందరూ "బాగయిపోయింది గదా, ఇంకేటి!" అనేవారు. అవునని తలూపేదాన్ని. స్నానం చేసేటప్పుడు మాత్రం ఎడమచేత్తో మచ్చ చుట్టూ, రెండో వైపూ తడుముకునేదాన్ని. ఏమీ తగలకపోతే ఆ పూటకు భయం పోయేది. మర్నాడు మళ్ళీ వచ్చేది.

గాజులు మోగని ఆ ఉదయం నుంచి చెయ్యి రోజురోజుకూ లావెక్కింది. నూనె రాశాం, కుంకుడు నురుగు రాశాం. గాజులు బొటనవేలి దగ్గరే ఆగిపోయాయి. మా తీరపు ఊళ్ళలో కాళ్ళకు బోద రావడం అందరూ ఎరిగినదే. అందుచేత పక్కింటావిడ చూసి, "సేతికి కూడా బోద వస్తాదేటమ్మా!" అని ముక్కు మీద వేలేసుకుంది.

నేను మళ్ళీ శరీరశాస్త్రం తెప్పించాను. ఒంట్లో రక్తం నడిచే కాలువలు కాక, నీటివంటి లింఫ్ నడిచే సన్నని కాలువలు వేరే ఉంటాయట. చేతిలోని లింఫ్ చంక గ్లాండ్స్ మీదుగా పోవాలి. నాకు ఆ గ్లాండ్స్ తీసేశారు. మదుము మూసుకుపోతే చేలో నీళ్ళు నిలిచిపోయినట్టు చేతిలో నీరు నిలుస్తోంది. పైగా గాజులు గట్టులా అడ్డం పడ్డాయి. నాకు అంతా తెలిసిపోయింది. ఆ పుట మా అత్తగారికి చదివి వినిపించాను.

"మొగుడున్న ఆడదాని గాజులు ఇప్పమని రాసినోడికి పెళ్ళాం ఉన్నాదా?" అంది.

"ఇప్పమని లేదత్తా. నీరు ఎందుకు నిలుస్తాదో రాశారు."

"నిలిస్తే పోతాది. అవి మొక్కు గాజులు. నా మాటిను."

మా ఆయన మా ఇద్దరినీ చూసి, "దీపావళి ఎల్లాక సూద్దారి" అన్నారు. ఆ దీపావళి రాకముందే ఆయనకు చలిజ్వరం పట్టుకుంది. బొంతలు కప్పినా వణికిపోయేవారు. ఇంక గాజుల మాట ఎవరెత్తుతారు? నేనూ ఎత్తలేదు. లింఫ్ సంగతి తెలిసిన నాకే, ఆయన దుప్పటి కింద వణుకుతుంటే, గాజు మీద చెయ్యి వెయ్యడానికి ధైర్యం చాలలేదు.

ఒక గాజు బీటవారి చర్మాన్ని గీరింది. మర్నాడు చెయ్యి ఎర్రబడి భుజం దాకా మండింది. నాకూ ఒళ్ళు కాలిపోయింది. మా ఆయనను పక్కింటివాళ్ళకు అప్పగించి, మా అత్తగారు నన్ను బండిలో మిషను ఆసుపత్రికి తీసుకువెళ్ళింది.

డాక్టరమ్మ చూసి, "సెల్యులైటిస్. గాజు గీరిన చోటునుంచి విషం పైకి పాకింది. ముందు ఇవి తీసెయ్యాలి" అంది.

మా అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉంది. "నా కొడుకు సలిజొరంతో మంచం మీదున్నాడమ్మా. ఈ పూట దీని గాజులు తీస్తే ఆడికేటవుతాదో నీకు తెలుసా?"

"నాకు తెలియదు. తియ్యకపోతే ఈవిడకేమవుతుందో తెలుసు" అంది డాక్టరమ్మ. నావైపు తిరిగి, "నువ్వు చెప్పు తల్లీ, తియ్యమంటావా?" అని అడిగింది.

గుమ్మంలో ఉన్న మా అత్తగారిని చూస్తూ పడుకున్నాను.

డాక్టరమ్మ చెప్పగా నర్సు కత్తెరలాంటి పరికరం తెచ్చింది. జ్వరం వణుకుకు నా చెయ్యి నిలవడం లేదు. "ఎవరైనా గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే గాజు కోసుకుంటుంది" అంది. గదిలో మరెవరూ లేరు.

మా అత్తగారు లోపలికి వచ్చింది. మడి మాటెత్తలేదు. నేల మీద కూర్చుని, నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుంది. గాజుల్లేని ఆ మణికట్లు అంత దగ్గరగా నేనెన్నడూ చూడలేదు.

"నాకు రాయెట్టి కొట్టినారు. సుట్టూ ఏడుపులు. దీనికలా వొద్దు. సప్పుడు సెయ్యకండా తియ్యండి" అంది.

నర్సు గాజు కింద తడిగుడ్డ దూర్చి ఒక్కొక్కటే తుంచింది. ఊడిన ప్రతి ముక్కనూ మా అత్తగారు ఏరి తన కొంగులో వేసుకుంది. ఆఖరిది ఊడాక కళ్ళు మూసుకుని, "సామీ, మొక్కు తీర్చినాను. ఇవి తీయించింది నాను. ఏదున్నా నా మీదెట్టు, ఆడిమీదెట్టకు" అంది.

కొత్తగా వచ్చిన పెన్సిలిన్ ఇంజక్షన్లు ఇచ్చారు. నా జ్వరం దిగింది. క్వినైన్‌తో మా ఆయన జ్వరమూ దిగింది. చెయ్యి మాత్రం మునుపటిలా కాలేదు. "ఇది ఇంక ఇలాగే ఉంటుంది. తగ్గించే మందు నా దగ్గర లేదు" అని డాక్టరమ్మ చెప్పేసింది. అక్కడికి వెళ్ళి ఆ మాట ఎన్నిసార్లు అడిగినా జవాబు అదే.

ఇప్పుడు నా రవికలకు కుడిచెయ్యి విప్పి అతుకు వేసి కుట్టుకుంటాను. చిన్న ముల్లు గీరినా చెయ్యి ఎర్రబడి జ్వరం వస్తుంది. పేరంటాల్లో తాంబూలం అందిస్తూ నా వట్టి కుడిచేతిని చూసి కొందరు ఒక్క క్షణం ఆగుతారు. నేను గాజులు మోగే ఎడమచెయ్యి ముందు చూపించి, తరువాత కుడిచెయ్యి చాపుతాను. పొయ్యి దగ్గర కూర్చుని పుస్తకం చదువుతుంటే పుట తిప్పడం కూడా ఎడమచేత్తోనే. కొట్టునుంచి వచ్చి మా ఆయన దగ్గితే మా అత్తగారి కళ్ళు నా మణికట్టు మీదికి పోతాయి. నావి కూడా పోతాయి. ఆ భయానికి ఏ పుస్తకంలోనూ మందు దొరకలేదు.

మొన్న గాజులమ్మే మనిషి మా అరుగు మీద మలారం దించి, నా కుడిచెయ్యి పట్టుకోబోయాడు. లోపలినుంచి మా అత్తగారు అరిచింది: "ఒరే, ఆ సెయ్యి ముట్టుకోకు! రెండు సేతులవీ ఎడంసేతికే ఎయ్యి, వదులుగా ఎయ్యి!"

ఈ జబ్బు పడిన అక్కచెల్లెళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆసుపత్రి విడిచి వచ్చే రోజున డాక్టరు చెప్పే జాగ్రత్తలు మీరొక్కరే వినకండి. మీ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వారిని వరండాలోంచి లోపలికి పిలిచి, పక్కన నిలబెట్టుకుని, డాక్టరు నోటితోనే వారికి చెప్పించండి. గాజుల సంగతి పేరుపెట్టి అడగండి.