దసరా నాడు వేయని ఓవెన్

ఒక మాట ఏళ్లుగా నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసిన మొహం ఎదురుగా ఉంటే నాకు నిజం నోట రాదు. అది నా పాత జబ్బు.

తొంభైల మొదట్లో జడ్చర్ల దగ్గర ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. బోరు మోటార్లకు షాఫ్టులు చేసే ఫ్యాక్టరీ. అక్కడికి ఒకసారి మా మొహాలకు మించిన పని వచ్చింది. యుద్ధనౌకల మీద నుంచి ఎగిరే విమానాలు ముసలివైపోతున్నాయట. ఎంతకాలమని పరాయి దేశాల దగ్గర కొంటాం, మనదే ఒకటి తయారుచేసుకుందామని పెద్దవాళ్లు పూనుకున్నారు. ఓడ మీద జాగా తక్కువ. అందుకని దిగే విమానానికి తోక కింద ఒక కొక్కెం ఉంటుంది. ఓడ మీద అడ్డంగా కట్టిన ఇనుప తాడును అది పట్టుకుంటేనే విమానం ఆగుతుంది, లేదంటే నీళ్లలోకే. ఆ కొక్కేన్ని విమానానికి పట్టి ఉంచే పిన్ను, పరీక్ష కోసం ఒకటి, మమ్మల్ని చేసిమ్మన్నారు. మాలో సముద్రం చూసినవాడు ఒక్కడూ లేడు. అయినా చాయ్ తాగుతూ ఓడల గురించి మాట్లాడుకునేవాళ్లం.

పిన్నును సాన పట్టి నున్నగా చేసింది ఖాజా భాయ్. గ్రైండింగ్ మిషన్ ఆయనది. వయసులో నాకంటే బాగా పెద్ద, నన్ను తమ్మీ అని పిలిచేవాడు. తన చేతి పని మీద ఆయనకు ఎంత మురిపెమో! పని అయ్యాక పిన్నును పాత ధోవతి గుడ్డలో చుట్టి, చంటిపిల్లను ఇచ్చినట్టు నా చేతికిచ్చాడు. ఆ తర్వాత పని నాది. ఉక్కుకు తుప్పు పట్టకుండా తొట్టిలో వేసి పూత పూయాలి. తీసిన వెంటనే ఓవెన్‌లో పెట్టి రోజంతా సన్నని వేడి మీద ఉంచాలి. ఎందుకంటే పూత పూసేటప్పుడు ఉక్కులోకి గ్యాస్ దూరుతుంది. దాన్ని వెంటనే వేడితో తరిమేయకపోతే లోపలే ఉండి ఉక్కును గుల్ల చేస్తుంది. పైకి మాత్రం పుచ్చు వంకాయలాగా నిగనిగలాడుతుంది.

పిన్ను తొట్టిలోంచి తీయాల్సింది దసరా రోజు పొద్దున. పండుగ కాగానే పట్నం నుంచి పరీక్ష చేసేవాళ్లు వస్తున్నారు, ఆపడానికి లేదు. అప్పటికే మా సేఠ్ మిషన్లన్నిటికీ పూజ చేయించి ఊరికి వెళ్లిపోయాడు. ఓవెన్ స్విచ్చు మీద పసుపు, కుంకుమ. తలుపుకు బంతిపూల దండ. పూజ చేసిన మిషన్‌ను మర్నాడు కొబ్బరికాయ కొట్టేదాకా ముట్టుకోకూడదనేది మా దగ్గర పట్టింపు. ఖాజా భాయ్ ఆ రోజు సెలవైనా వచ్చి, పిన్ను బయటికి తీసేదాకా నాతోనే ఉన్నాడు. ఓవెన్‌లో పెట్టాక వెళ్తానన్నాడు. నేను చూసుకుంటాను, నువ్వు పో అన్నాను. వెళ్లాడు.

నేను పెట్టలేదు.

కుంకుమ పెట్టిన స్విచ్చు ముట్టుకోవడానికి చెయ్యి రాలేదని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. నిజమేనా? నాకు అంత భక్తి ఎప్పుడుంది? ఓవెన్ వేస్తే రోజంతా దాని దగ్గర కూర్చోవాలి. మోత్కూరులో మా వాళ్లంతా ఎదురుచూస్తున్నారు, పట్నంలో బస్సు మారాలి, జమ్మి పూజ వేళకు ఊళ్లో ఉండాలి. బస్సే అసలు కారణం. కుంకుమ నాకు దొరికిన సాకు. దేవుణ్ణి కూడా నా అబద్ధంలోకి లాగాను.

మర్నాడు కూడా ఫ్యాక్టరీకి సెలవే. నేనొక్కణ్ణే వచ్చి, కొబ్బరికాయ కొట్టి, పిన్నును ఓవెన్‌లో పెట్టాను. ఒక్క రోజు ఆలస్యానికి ఏమవుతుందిలే అనుకున్నాను.

పట్నం వాళ్లు పిన్నుకు బరువు తగిలించి వదిలేసి వెళ్లారు. తెల్లారి వచ్చి చూస్తే రెండు ముక్కలై ఉంది. గ్రైండింగ్‌లో వేడెక్కి ఉక్కు కాలి ఉండాలి, లేదా ఓవెన్‌లో ఆలస్యంగా పెట్టి ఉండాలి, రెండే దారులన్నారు. నన్ను అడిగారు. తీసిన వెంటనే పెట్టానన్నాను. అంత తేలిగ్గా ఎట్లా అన్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

వాళ్లు వెళ్లాక ఖాజా భాయ్ నన్ను షెడ్డు వెనక్కి పిలిచాడు.

“తమ్మీ, తీయంగనే ఓవెన్ల పెట్టినవ్ గద?”

“పెట్టిన భాయ్.”

“పండుగ పూట, బస్సు తొందరల మరిచిపోతే జెప్పు. ఏం గాదు. ఇంకోటి చేద్దాం.”

“లే భాయ్. పెట్టి, తీసినంకనే ఊరికి పోయిన.”

ఆయన తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

“అట్లయితే నా చేతిలనే ఫరక్ వచ్చింది.”

నన్ను అనుమానించలేదు. అనుమానిస్తే బాగుండేది, పోట్లాడి తప్పించుకునేవాణ్ణి. బయటపడే తలుపు తనే తెరిచి పట్టుకున్నాడు. నేను దాన్ని లోపలి నుంచి మూశాను.

ఆయన్ని ఎవరూ వెళ్లగొట్టలేదు. కానీ ఆ తర్వాత సాన రాయి ముందు నిలబడితే తన చేతిని తనే నమ్మేవాడు కాదు. చేసిన ముక్కనే మళ్లీ మళ్లీ చూసేవాడు, పనంతా నిలిచిపోయేది. ఒక రోజు రావడం మానేశాడు. పిన్ను పని కూడా మా చేయి దాటి వేరే ఊరికి పోయింది. విమానం నా వల్లే ఆలస్యమైందనుకునేంత పెద్దవాణ్ణి కాను నేను. నేను చెడగొట్టింది ఒక్క మనిషిని.

కొన్నేళ్లకు, ఆయన నందికొండలో బావమరిది దగ్గర చేపలు కోస్తున్నాడని తెలిసి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. నన్ను చూసి ఎంత సంతోషపడ్డాడో. మాటల మధ్యలో కత్తి మొద్దుబారింది. దాన్ని పక్క దుకాణంవాడికిచ్చి పదును పెట్టించుకున్నాడు. నేను చూస్తున్నానని నవ్వాడు. “నేను పెడితే ఇనుము కాల్తది తమ్మీ,” అన్నాడు. వాళ్లింట్లో చేపల పులుసు తిని, దండం పెట్టి వచ్చేశాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. ఎందుకు ఏడ్చాను? ఆయన కోసమా, చెప్పలేని నా చేతకానితనం కోసమా?

మళ్లీ వెళ్లేసరికి ఆయన లేడు. జ్వరం వచ్చి పోయాడట. వాళ్లావిడ చాయ్ ఇచ్చి, నా ఎదురుగా గడప మీద కూర్చుంది.

“నీ మాటనే చెప్తుండె బిడ్డా,” అంది. “ఆనాడు నా పని చెడ్డది, ఆ పిల్లగాడు మాత్రం తన పని సక్కగ చేసిండు అంటుండె.”

నేను తల ఊపాను. అప్పుడు కూడా తల ఊపాను.

ఖాజా భాయ్ పనిలో ఏ తప్పూ లేదు. పిన్ను విరిగింది నా వల్ల. ఇంత చిన్న మాట. ఆయన బతికుండగా ఆయనకు చెప్పాల్సింది, కనీసం ఆ గడప దగ్గర ఆమెకైనా చెప్పాల్సింది. మీకు చెప్పాను. గుండె కాస్త తేలికపడింది. ఆ తేలిక ఆయనకు దక్కాల్సింది, నాకు కాదు.