క్యాసెట్టు ఎవరిదని అడిగినప్పుడు

దమ్మామ్‌లో మా అమ్మాయి ఇంటికి విజిట్ వీసా మీద వచ్చి నెలన్నర అయింది. మొన్న శుక్రవారం మధ్యాహ్నం మా అల్లుడు నన్ను బయలుదేరదీసి ఒక పెద్ద మాల్‌లో ఉన్న సినిమా హాలుకు తీసుకువెళ్లాడు. సౌదీలో సినిమా హాలు! సినిమా హాళ్లకు అనుమతే లేని రోజుల్లో ఈ గడ్డ మీద చెమటోడ్చిన మా ఈడువాళ్లకు ఆ మాట వింటేనే నవ్వు వస్తుంది. "మామయ్యా, ఇందులో స్టోరీ ఏమీ ఉండదు, లైవ్ కాన్సర్ట్‌ను షూట్ చేశారు, జస్ట్ మ్యూజిక్, మీకు బోర్ కొడితే మధ్యలో వచ్చేద్దాం" అని అల్లుడు ముందే చెప్పాడు. నాకేం తెలుసు, సరేనని కూర్చున్నాను.

దీపాలు ఆరాక తెర మీద వేలకొద్దీ జనం కనబడ్డారు. ఆ తర్వాత వేదిక మీదికి నలుగురు ముసలివాళ్లు వచ్చారు. ఒకరికి జుట్టంతా తెల్లబడింది, ఒకరికి జుట్టే లేదు. డ్రమ్ముల వెనక కూర్చున్నాయన మణికట్లకు పట్టీలు చుట్టుకుని ఉన్నాడు. ఆయన మొదటి నాలుగు దెబ్బలు వేయగానే నా చేతిలోని పాప్‌కార్న్ డబ్బా జారి కింద పడింది. ఆ దెబ్బలు నాకు తెలుసు. ఆ నలుగురూ నడివయసులో ఉన్నప్పుడు, ఇక్కడికి అరగంట దూరంలో ఖతీఫ్ దగ్గరి లేబర్ క్యాంపులో, ఒక చిన్న టీవీలో వాళ్లను ఎన్నోసార్లు చూశాను.

కువైట్ మీద యుద్ధం వచ్చిన రోజులవి. నేను తెల్లవాళ్లు ఉండే ఒక కాంపౌండులో ఏసీ మెకానిక్‌ని. మా బావమరిదిని, అంటే నా భార్య తమ్ముణ్ని, అంతకు ఏడాది ముందు నేనే వీసా చూసి జగిత్యాల వైపు మా ఊరి నుంచి రప్పించుకుని, మా కంపెనీలోనే పెయింటర్‌గా పెట్టించాను. ఇంటి దగ్గర అతడు పెళ్లిళ్ల బ్యాండులో డ్రమ్ము వాయించేవాడు. అతడు వాయిస్తే పెళ్లికొడుకు తాత కూడా కాలు కదిపేవాడని మా అత్తగారు గొప్పగా చెప్పేవారు. పక్క మండలంలో ఒక పిల్లతో సంబంధం కూడా ఖాయమైంది, రెండేళ్లు పనిచేసి వెళితే లగ్గం.

సైరన్లు మొదలయ్యాక కాంపౌండు ఖాళీ అయిపోయింది. విషవాయువుకు అడ్డం పెట్టుకునే మాస్కులు ఆఫీసువాళ్ల వరకు వచ్చాయి కాని మా వరకు రాలేదు. మేము కిటికీల సందులకు టేపు అంటించి, తడి తువ్వాళ్లు దగ్గర పెట్టుకుని, ఎవరి దేవుణ్ని వాళ్లం తలుచుకున్నాం. ఊరికి ఫోను దొరికేది కాదు. మాట రికార్డు చేసి పంపే టేపులు కూడా ఎప్పుడు చేరేవో ఆ భగవంతుడికే తెలియాలి. అట్లాంటప్పుడు ఒక ఇంజనీరు కుటుంబంతో సహా వెళ్లిపోతూ, తన ఇంట్లో ఏసీ చూసిన పరిచయం కొద్దీ నన్ను పిలిచి ఒక అట్టపెట్టె చేతికిచ్చాడు. అందులో డబ్బా చేపలు, రెండు దుప్పట్లు, ఒక వీడియో క్యాసెట్టు. ఆ క్యాసెట్టులో ఉన్నది ఈ నలుగురే.

గదిలో ఎనిమిది మందిమి. అందరం కలిసి కొనుక్కున్న పాత వీసీఆర్ ఒకటి ఉండేది. శుక్రవారం భోజనాలయ్యాక ఆ క్యాసెట్టు వేసుకునేవాళ్లం. పాటలో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయితేనేం, నెత్తి మీద ఏం పడుతుందోనని ప్రాణాలు బిగబట్టుకుని ఉన్న మాకు ఆ మోత ఎంత ధైర్యమిచ్చేదో చెప్పలేను. మా బావమరిది ఖాళీ పెయింటు డబ్బా బోర్లించుకుని, రెండు బ్రష్షుల పిడులతో, తెర మీది ఆయన ఎక్కడ ఆపితే అక్కడ ఆపి, ఎక్కడ ఎత్తుకుంటే అక్కడ ఎత్తుకునేవాడు. నెల తిరిగేసరికి చూడకుండానే వాయించేవాడు. "బావా, గీయన మన బ్యాండుల చేరితే నేను ఇంట్ల కూసునుడే" అని ఒకసారి అన్నాడు. పక్క గదుల నుంచి పాకిస్తానీలు, బంగ్లావాళ్లు కూడా వచ్చి గుమ్మంలో నిలబడి చూసేవారు.

యుద్ధం ముగిసింది. బతికి బయటపడ్డామని ఒక శుక్రవారం కోడికూర వండుకున్నాం. తిన్నాక నేను పళ్లాలు కడగడానికి నల్లా దగ్గరకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి మా గదిలో మతపోలీసులు నలుగురు నిలబడి ఉన్నారు. ఎవరో చెబితే తనిఖీకి వచ్చారట. టీవీలో పాట నడుస్తూనే ఉంది. సరిగ్గా అప్పుడే తెర మీద, వేదిక ముందు, చేతులూ భుజాలూ కనబడే బట్టలు వేసుకున్న ఆడపిల్లలు బీరు గ్లాసులు పైకెత్తి గంతులు వేస్తున్నారు. వాళ్ల వెంట వచ్చిన క్యాంపు బాసు హిందీలో అడిగాడు, "కిస్కా హై యే క్యాసెట్?"

నేను గుమ్మంలో పళ్లాలతో నిలబడి ఉన్నాను. అది నాదని గదిలో అందరికీ తెలుసు. మా బావమరిది తల తిప్పి నా వైపు చూశాడు. ఏమీ సైగ చేయలేదు, ఊరికే చూశాడు. నాకు ఇద్దరు చిన్నపిల్లలు, ఇక్కడ ఉండనిచ్చే అకామా కార్డు రెన్యూవల్‌కు ఇచ్చి ఉంది, పట్టుకుంటే ఏం చేస్తారో తెలియదు. ఇవన్నీ ఆ క్షణంలో అనుకున్నానని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను కాని, నిజానికి అప్పుడు ఏమీ అనుకోలేదు. కళ్లు దించుకుని పళ్లాల వైపు చూశాను, అంతే. మళ్లీ తల ఎత్తేసరికి అతడు లేచి నిలబడి "మేరా హై" అంటున్నాడు.

పెయింటు మరకల లుంగీ మీదనే తీసుకువెళ్లారు. ఏడు వారాలు లోపల ఉంచి, మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టకుండా పాస్‌పోర్టు మీద ఖురూజ్ ముద్ర వేసి విమానం ఎక్కించారు. నేను చూడటానికి కూడా వెళ్లలేదు. వెళితే నన్నూ ప్రశ్నిస్తారని భయం.

అక్కడితో అయిపోతే ఏదో పిరికితనం అనుకుని సరిపెట్టుకునేవాణ్నేమో. కాని ఊళ్లో, పాటలు చూసినందుకు జైల్లో పెట్టారంటే ఎవరు నమ్ముతారు? గల్ఫులో నీలి సినిమాలు చూపిస్తూ దొరికాడన్నారు. ఇంకెవరో డబ్బులు తీసుకుని చూపించాడన్నారు. లగ్గం అనుకున్న పిల్ల తండ్రి మంచివాడు, తొందరపడలేదు. నాకు ఉత్తరం రాశాడు. మీరు ఆ గదిలోనే ఉండేవారట, పెద్దవారు, మీ మాట నమ్ముతాను, అది ఎట్లాంటి క్యాసెట్టో ఒక్క ముక్క రాయండి, లగ్గం చేసేస్తాను అని.

ఆ ఉత్తరాన్ని పది రోజులు దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. అది వట్టి పాటల క్యాసెట్టని రాస్తే సరిపోయేది. కాని అంత గట్టిగా నీకెట్లా తెలుసంటే, అది నాదని చెప్పవలసి వస్తుంది. నా భార్యకు తెలుస్తుంది, అత్తగారికి తెలుస్తుంది. ఇక్కడ అధికారులు ఉత్తరాలు విప్పి చదువుతున్నారట అని ఒక సాకు కూడా దొరికింది. చివరికి రెండే వాక్యాలు రాశాను. ఆ సమయంలో నేను గదిలో లేను, నాకేమీ తెలియదు అని.

సంబంధం తప్పిపోయింది. బ్యాండులో కూడా చేర్చుకోలేదు, పెళ్లి ఇళ్లవాళ్లు అతణ్ని వెంట తేవద్దన్నారట. రైసు మిల్లులో హమాలీగా చేరాడు. చాలా ఏళ్లకు ఎక్కడో దూరాన, ఈ సంగతి తెలియని ఊళ్లో, పెళ్లి కుదిరింది. నేను సెలవు మీద వెళ్లినప్పుడల్లా ఇంటికి వచ్చేవాడు, అక్క పెట్టింది తినేవాడు, నాతో వానల గురించి మాట్లాడేవాడు. నా భార్య ఒకసారి అడిగింది, "మా తమ్ముడు నిజంగ గసోంటి పని చేసిండా?" అని. ఏమో, నేను లేనన్నాను. నాలుగేళ్ల క్రితం ఆమె పోయింది, అదే నమ్ముకుని.

హాలులో నా పక్క సీటులో తెల్లని పొడుగు తోబు వేసుకున్న ఒక సౌదీ పెద్దాయన మనవరాలితో కూర్చుని తొడ మీద తాళం వేస్తున్నాడు. ముందు వరుసల్లో అమ్మాయిలు లేచి నిలబడి ఫోన్ల దీపాలు ఊపుతూ పాడుతున్నారు. ఎవరూ వచ్చి ఎవరిదని అడగలేదు. మా అల్లుడు నా కళ్లు చూసి, "మామయ్యా, మీకింత నచ్చుతుందనుకోలేదు" అని సంబరపడ్డాడు.

మర్నాడు పొద్దున బావమరిదికి ఫోను చేశాను. "నిన్న గా క్యాసెట్టుల ఉన్నోళ్లను సినిమా హాల్ల చూసిన. ఇప్పుడు గిక్కడ గదేం తప్పు కాదంట" అన్నాను.

"తప్పు అప్పుడు గూడ కాదు గదా బావా" అన్నాడు.

నేను ఇంకేదో అనబోయాను. అతడు నెమ్మదిగానే అన్నాడు, "నువ్వు రాసిన కాయితం ఆ పిల్ల తండ్రి నాకు సూపెట్టిండు. గదిల లేనని రాసినవ్. దర్వాజ కాడనే నిలవడ్డవ్ గదా." ఆ వెంటనే, "సరే గని, బిడ్డ మంచిగున్నదా? అల్లుడు మంచిగున్నడా?" అని అడిగాడు. బాగున్నారని చెప్పాను.

ముప్ఫై ఏళ్లకు పైగా అతడికి తెలుసన్నమాట. తెలిసే నా ఇంట్లో అన్నం తిన్నాడు, తెలిసే నాతో వానల గురించి మాట్లాడాడు, తెలిసీ అక్కకు చెప్పలేదు.

మా ఈడువాళ్లం నలుగురం కలిస్తే కాలం మారిపోయిందని నిట్టూరుస్తాం. ఆ మాటలో ఒక సుఖం ఉంది, తప్పంతా కాలం నెత్తిన పెట్టేయవచ్చు. ఈ దేశం నిజంగానే మారింది. నిన్న జైల్లో వేసిన దానికి ఇవాళ టికెట్టు అమ్ముతోంది. కాని ఆ పిల్ల తండ్రి లేడు, మా అత్తగారు లేరు, నా భార్య లేదు. నిజం చెబుదామన్నా, వినవలసినవాళ్లలో మిగిలింది ఒక్కడే, అతడికి అది ముందే తెలుసు.

నిన్న అల్లుడు వచ్చి, వచ్చే శుక్రవారం అలాంటిదే ఇంకొకటి వస్తోంది, వెళదామా అని అడిగాడు. మోకాళ్ల నొప్పులు, అంతసేపు కూర్చోలేనని చెప్పాను.

నాకు మోకాళ్ల నొప్పులు లేవు.