పదిహేడు చిన్న బి

ఒక్క అక్షరం పెద్దదైతే ఒక మనిషి నీడ పోతుందంటే మీరు నమ్ముతారా? నమ్మకపోతే, సర్వే కార్యాలయపు రికార్డు గదిలో ఇరవై రెండేళ్లు పనిచేసిన గుమాస్తా కథ వినండి. ఏ కాగితం ఏ బీరువాలో ఉందో కంఠతా చెప్పగలదు గనుక ఆమెను అందరూ బీరువాక్క అనేవారు.

ఆ కార్యాలయానిది పాత ఆనవాయితీ: పూర్తి స్థలానికి ఇంగ్లీషు పెద్ద అక్షరం, అందులోంచి విడగొట్టి అమ్మిన ముక్కకు చిన్న అక్షరం. పదిహేడు పెద్ద బి గోదాము యజమానిది. పదిహేడు చిన్న బి, ఒంటరిగా బతికే దర్జీ ఆవిడ గది.

రికార్డులు కంప్యూటరెక్కాక కొత్త చిక్కు వచ్చింది. పేరును పెద్ద అక్షరాల్లో కొడితే, చిన్న అక్షరాల్లో ఉన్నది దొరికేది కాదు. కిటికీ ముందు జనం పడిగాపులు కాసేవారు. అది చూడలేక, యాభయ్యో ఏట, బీరువాక్క కూతురి దగ్గర ప్రోగ్రాము రాయడం నేర్చుకుంది. నాలుగు వరుసలు రాసి, దస్త్రమంతా పెద్ద అక్షరాల్లోకి మార్చి, పాతదాని మీదే భద్రపరిచింది. అధికారి అందరిముందూ మెచ్చుకున్నాడు.

నెల తిరక్కుండా దర్జీ ఆవిడ, గోదాము యజమాని పంపిన నోటీసు పట్టుకొచ్చింది. "నేనుండేది ఆయన స్థలంలోనట, ఖాళీ చెయ్యాలట. నా ముక్క ఏ గాలికి కొట్టుకుపోయిందక్కా?"

బీరువాక్క వెతికింది. తెరమీద రెండూ పదిహేడు పెద్ద బి గానే ఉన్నాయి.

"మళ్లీ అన్నీ చిన్నవి చేసేస్తే?" అంది ఇంట్లో కూతురితో.

"అన్నీ చిన్నవే అవుతాయమ్మా. ఏది ముందు పెద్దదో కంప్యూటరుకేం గుర్తు? వెతికేటప్పుడు మాత్రం కొట్టిన పేరునూ, దాచిన పేరునూ ఒకేలా చేసి పోల్చాలి. నువ్వు దాచినదాన్నే మార్చేశావు."

"ముందే చెప్పొచ్చుగా!"

"అడిగితేగా! కూర దించాక ఉప్పెంత వెయ్యాలని అడుగుతున్నావు."

పెద్దా చిన్నా అక్షరాలు చేత్తో రాసి ఉన్న అసలు చిట్టా పుస్తకం ఇంకా చివరి బీరువాలోనే ఉంది. అధికారికీ ఆ సంగతి తెలుసు. "దర్జీ ఆవిడ ఫిర్యాదు మీద జరిగే విచారణలో, దాన్ని చెదలు తినేశాయని చెబుదాం. తప్పు బయటపడితే మనిద్దరికీ చిక్కే. వచ్చే నెలే మీ పదోన్నతి. నోట్లో నాలుక లేనట్టు ఊరుకోండక్కా," అన్నాడు.

మేలుకున్నవారికే చట్టం తోడని అంటారు. మేలుకున్నవారి ఆధారాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు.

విచారణనాటి ఉదయం ఆమె ఆ పుస్తకం బయటికి తీసింది. తెల్లకాగితంపై తన నాలుగు వరుసల ప్రోగ్రామునూ చేత్తో రాసి, కింద "ఈ తప్పు నాది" అని సంతకం చేసింది. అధికారి అనుమతి అడగకుండా, నేరుగా విచారణకు వెళ్లి దర్జీ ఆవిడ తరఫున సాక్ష్యం చెప్పాలని నిర్ణయించుకుంది.