వాక్యం కింద దిండు

ఆ దిండు నేను ప్రేమతో కుట్టలేదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే తర్వాత దాన్ని చూసిన మా చర్చి ఆడవాళ్లు "కోడలంటే ఇట్టా ఉండాల" అని నా ముఖం మీదే మెచ్చుకున్నారు, నేను కాదనలేదు. విసుగు పుట్టి కుట్టాను. రోజుకొక గంట నాకంటూ మిగులుతుందని కుట్టాను.

మా అత్తకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఎడమ చెయ్యి ఆడుతుందిగానీ వణుకు. మాట బాగానే ఉంది, చూపూ బాగానే ఉంది. ఆమె వాక్యం చదువుకునే బైబిలు గ్రంథం పెద్దక్షరాలది, ఇటుకంత బరువు. ఒళ్లో పెట్టుకుంటే జారిపోతుంది. మంచం మీద పెట్టుకుని వంగితే మెడ పట్టేస్తుంది. అందుకని రోజూ సాయంత్రం ఏడింటికి నేను పక్కన కూచుని చదివి వినిపించాలి. ఏడు నుంచి ఎనిమిది. ఆదివారం కూడా సెలవు లేదు.

నేను ఇందుకూరుపేట అవతల ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. పొద్దున్నే ఆటోలో ఇరుక్కుని పోయి, ఫోనుకు ముఖం చూపించి హాజరు వేసుకుని, పిల్లల భోజనం ఫోటో తీసి, గుడ్ల ఫోటో తీసి, మరుగుదొడ్ల ఫోటో తీసి, మధ్యలో సందు దొరికితే పాఠం చెప్పి ఇంటికొస్తాను. వచ్చాక వంట. మా ఆయన రొయ్యల గుంతల మీద పని చేస్తాడు. సాయంత్రం నీళ్లకు గాలి కొట్టే ఏరియేటర్లు వేసే వేళకు ఆయన గట్టు మీద ఉండాల్సిందే, కాబట్టి ఆ గంటలో ఆయనకు వాటా లేదు. నాకు కూడా చదివే పిచ్చి ఉందని ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. లైబ్రరీ నుంచి తెచ్చిన నవల ముప్పయ్యో పేజీ దగ్గర ఆగిపోయి నెల దాటింది. బడిలో పిల్లలకు చదివి, ఇంట్లో అత్తకు చదివి, నా పుస్తకం చేతిలోకి తీసుకునేసరికి కళ్లు మూతలు పడేవి.

దిండు ఆలోచన అలా వచ్చింది. వెనక ఎత్తుగా, ముందు పల్లంగా, వాలుబల్లలా ఒక దిండు కుడితే పుస్తకం దాని మీద నిలబడుతుంది, ఆమె చదువుకుంటుంది, నేను బయటపడతాను. ఒక ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి రాగానే పనిలో పడ్డాను. పాత తలదిండు విప్పి బూరుగు దూది బయటికి తీశాను. సముద్రపు గాలికి దూది చెమ్మ పట్టి ముద్దలు కట్టుకుని ఉంది. మేడ మీద ఎండలో పరిచి, ఎగిరిపోకుండా పైన పల్చటి చీర కప్పి, గంటకోసారి పోయి వేళ్లతో విడదీశాను. గుడ్డ కోసం వెతికితే మా ఆయన పాత లుంగీ కనబడింది. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన గుడ్డ. టీచర్ని కదా, కాగితం మీద కొలతలు గీసుకుని మరీ కత్తిరించాను. పుస్తకం జారకుండా ముందువైపు వేలు లావున చిన్న గట్టు కూడా కుట్టాను. మూడు గంటలు పట్టింది. సూది రెండు సార్లు గుచ్చుకుంది, నడుము పట్టేసింది.

తీసుకుపోయి ఆమె ఒళ్లో పెట్టాను. ఎడమ చేత్తో తడిమి చూసింది.

"ఏందిమే ఇది? వాడి లుంగీనా?"

"ఉతికిందే అత్తా."

"ఉతికితే మాత్రం? మగోడు నడుముకి చుట్టుకున్న గుడ్డ మీద వాక్యం పెడతావా నువ్వు?"

మా ఇళ్లలో ఈ పట్టింపు ఉంది. గ్రంథాన్ని నేల మీద పెట్టరు, కాళ్ల వైపు పెట్టరు, తల పెట్టుకుని పడుకున్న దిండు మీద పెట్టరు. ఈ ఇళ్లలోనే పుట్టి పెరిగిన నాకు తెలియక కాదు. కొలతల ధ్యాసలో పడి గుడ్డ ఎవరిదో మరిచాను. లోపలి దూది కూడా తలదిండుదే అన్న సంగతి మాత్రం పైకి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. "మూడు గంటలు కూచుని కుట్టినా అత్తా. రోజూ బడి, రోజూ వంట, రోజూ ఈ చదువు. అలిసిపోయినా నేను. నాకొక గంట కావాల," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "నీకు చదివీ చదివీ నా గొంతు పోతా ఉంది," అని కూడా అనేశాను.

ఆమె దిండును ఎడమ చేత్తో నా వైపు నెట్టింది. కోపం వచ్చిందనుకున్నాను.

"తెలుసు మే," అంది. "ఈ మధ్య నువ్వు పేర్లొచ్చిన కాడల్లా దాటేస్తా ఉండావు. తాతల పేర్లు, కొడుకుల పేర్లు వస్తే చాలు, పేజీ తిప్పేస్తా ఉండావు."

నాకు తల కొట్టేసినట్టయింది. నిజమే, నెలన్నరగా దాటేస్తున్నాను. ఆమె కళ్లు మూసుకుని ఉంటే కునుకు పట్టిందనుకునేదాన్ని.

"మరి చెప్పలేదేం?"

"చెప్తే అవి కూడా నువ్వే చదవాల గదా," అంది.

లుంగీ దిండు తీసి చంకలో పెట్టుకున్నాను. ఆమే మంచం కింది ట్రంకు పెట్టె చూపించి, అడుగున ఉన్న తెల్లచీర తీయమంది.

ఆ చీర సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. మా సంఘంలో పెద్ద వయసు ఆడవాళ్లు చాలామంది అలా ఒక తెల్లచీర దాచుకుంటారు. పోయాక శవపెట్టెలో పడుకోబెట్టేటప్పుడు కట్టడానికి. ఆమె ఏటా క్రిస్మస్ ముందు దాన్ని తీసి, ఎండకు వేసి, కొత్త కలరా ఉండలు పెట్టి మళ్లీ మడతపెట్టేది. ఆ మడతలు ఇంకెవరినీ పెట్టనిచ్చేది కాదు.

"వద్దత్తా. నెల్లూరు పోయి కొత్త గుడ్డ తెస్తా."

"ఎప్పుడు పోతావు, వచ్చే ఆదివారమా? అందాకా నువ్వే చదవాల గదా. కొయ్యి."

"మరి నీకు..."

"ఆ పొద్దు ఏం కట్టినారో నేనేమన్నా లేచి చూస్తానా? కొంగు కాడ వద్దు, కట్టుచెంగు కాడ కొయ్యి. ఒక చుట్టు తగ్గితే ఎవురికి కనపడుద్ది?"

కత్తెర పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. ఆమె తన ఎడమ చేత్తో చీర అంచు బిగించి పట్టుకుంది. ఆ చెయ్యి వణుకుతుంటే గుడ్డ కూడా వణికింది. వంకరటింకరగా కోశాను. వంకర కోతకు నన్ను తిట్టింది కూడా.

మళ్లీ అంతా మొదటి నుంచి. సోమవారం బడి నుంచి వచ్చి, కాఫీ కూడా పెట్టుకోకుండా కూచుని పూర్తి చేశాను. ఈసారి ఒక తెలివి ఎక్కువ చూపించాను. మా కిటికీ సముద్రం వైపు ఉంటుంది, సాయంత్రం గాలికి పేజీలు వాటంతటవే తిరిగిపోతాయి. అందుకని రెండు పేజీలనూ అడ్డంగా పట్టి ఉంచేలా ఒక ఎలాస్టిక్ కుట్టాను, మంచి బిగువుగా. ఏడింటికి దిండు ఒళ్లో పెట్టి, గ్రంథం తెరిచి, ఎలాస్టిక్ తగిలించి, కళ్లజోడు పెట్టాను. పుస్తకం కదల్లేదు. ఆమె తల వంచకుండానే చదవడం మొదలుపెట్టింది.

"ఇంక పో మే," అంది.

వరండాలో కూచుని నవల తెరిచాను. ముప్పయ్యో పేజీ నుంచి యాభై దాటిపోయాను. లోపల్నుంచి పిలుపు లేదు, దగ్గు కూడా లేదు. ఆ గంట ఎంత హాయిగా ఉందో చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఈ పని ఆరు నెలల ముందే ఎందుకు చేయలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. చదువులో పడి ఎనిమిది దాటిన సంగతి కూడా చూసుకోలేదు.

లోపలికి పోయేసరికి ఆమె అలాగే కూచుని ఉంది. పుస్తకం నేను తెరిచిన చోటనే ఉంది. కుడివైపు పేజీ మూల నలిగిపోయి, కాస్త చిరిగి ఉంది. వణికే ఒక్క చేత్తో ఆ ఎలాస్టిక్ ఎత్తి పేజీ లాగడం ఆమె వల్ల కాలేదు. గంటకు పైగా ఆ రెండు పేజీలే చదువుతూ కూచుంది.

"పిలవొచ్చు గదత్తా?"

"ఎనిమిది కాలేదేమో అనుకున్నా," అంది.

గోడ గడియారం ఆమెకు ఎదురుగానే ఉంది. ఎనిమిదీ ఇరవై.

కత్తెర తెచ్చి ఎలాస్టిక్ తెంపేశాను. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతోనా అలసటతోనా అంటే, రెండింటితోనూ. ఆమె నా వైపు చూడలేదు.

"పేజీ తిప్పి పో," అంది. "నీ బుక్కు ఇంకా అయిపోలేదు గదా."