చండీగఢ్‌కి వెళ్ళిన చీర

ఇంటర్నెట్‌లో పాత చీరలు అమ్మవచ్చని మా కాలేజీలో మొదట కనిపెట్టింది నేను. ఈ సంగతి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

రెండువేల ఐదో, ఆరో. జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేదాన్ని. బీరువా నిండా పట్టుచీరలుండేవి. ఒక్కోటీ ఒక్క పెళ్ళికి కట్టినది. రెండోసారి కడితే, "ఇది మొన్న చందర్లపాడు పెళ్ళిలో కట్టిందేగా?" అని గుర్తుచేసే చుట్టాలు మాకు సమృద్ధిగా ఉన్నారు. స్టీలు సామాన్లావిడకి వేస్తే ఒక గిన్నె ఇస్తుంది. నాకు గిన్నెలూ సమృద్ధిగానే ఉన్నాయి. అందుకని పాత వస్తువులు వేలం వేసే ఒక వెబ్‌సైటులో ఖాతా తెరిచాను. కొన్నవాళ్ళు మన పేరు కింద మంచో చెడో ఒక మాట రాస్తారు. చెడ్డమాటలు మూడయితే ఖాతా మూసేస్తారు.

మా స్టాఫ్‌రూమ్‌లో నా పక్క కుర్చీ బోటనీ మేడంది. రోజూ నందిగామ నుంచి బస్సులో వచ్చేది. గంటసేపు వేలాడుతూ వచ్చినా ఆమె చీర కుచ్చిళ్ళు అప్పుడే ఇస్త్రీ నుంచి లేచినట్టు ఉండేవి. నేను రెండు వీధుల అవతల నుంచి వచ్చి నలిగిపోయి ఉండేదాన్ని. అయినా ఒక మధ్యాహ్నం ఆమెను నెట్ సెంటరుకు తీసుకువెళ్ళి, ఖాతా తెరవడం దగ్గరుండి నేర్పాను. నా జీవితంలో అంత ఉదారంగా మరో అరగంట గడపలేదు.

మూడు నెలల్లో ఆమె పేరు కింద పద్నాలుగు మంచిమాటలు చేరాయి. నా పేరు కింద రెండు మాటలున్నాయి. రెండూ మంచివి కావు.

మొదటిది రంగు గురించి. దండెం మీద ఆరేసి తీసిన ఫోటోలో చీర మెరూన్‌గా కనపడింది. కొన్నావిడ ఇంటికి చేరేసరికి వంకాయ రంగులోకి వచ్చింది. రెండోది వానాకాలం చేసిన పని. పార్సిలు మీద వాళ్ళ చిరునామా అందంగా ఉండాలని స్కెచ్ పెన్నుతో రాశాను, నాది మామూలు బాల్‌పెన్నుతో రాశాను. దారిలో తడిసి, ఎవరికి వెళ్ళాలో అది చెరిగిపోయింది, ఎవరు పంపారో అది మిగిలింది. పోస్టాఫీసువాళ్ళు న్యాయంగానే నాకు తెచ్చిచ్చారు. మళ్ళీ పంపేసరికి కొన్నావిడ రాయాల్సింది రాసేసింది.

పోస్టాఫీసులో పార్సిలు కోరాగుడ్డలో కుట్టి, కుట్ల మీద లక్క సీలు వేయించాలి. కౌంటరులో పెద్దాయన నా మూటను అటూ ఇటూ తిప్పి చూసేవాడు.

"ఏంటమ్మా ఇది, చీరా, చింతపండా?"

"చీరేనండీ."

"కుట్లు ఇంతింత దూరం ఉంటే ఎట్టా? నందిగామ మేడం గారిది చూడండి, మిషను మీద కుట్టినట్టు ఉంటది. ఆవిడ్ని అడిగి నేర్చుకోరాదూ?"

వరుసలో నా వెనక నలుగురున్నారు. నలుగురూ ఆ మాటను ఆమోదించినట్టే కనిపించారు.

అప్పుడే చండీగఢ్ నుంచి ఒకావిడ వేలంలో నా చీర పాడుకుంది. నెమలిపింఛం రంగు కంచిపట్టు, నా దగ్గరున్న వాటిలో మంచిది. ఈవిడ అంతకుముందు బోటనీ మేడం దగ్గర నాలుగు కొని, ప్రతిసారీ పొడుగాటి మెచ్చుకోలు రాసిన మనిషి. ఈవిడ మెచ్చుకుంటే నేను నిలబడతాను. తిడితే మూడోది, ఖాతా పోతుంది. కానీ నా ప్రాణం కొట్టుకుంది ఖాతా కోసం కాదు. బోటనీ మేడానికి రాసినదానికంటే నాకు ఒక్క వాక్యం ఎక్కువ రాయించుకోవాలి.

మర్నాడు లంచ్‌లో మామూలుగా అడుగుతున్నట్టే అడిగాను.

"పార్సిల్లో ఏం పెడతారండీ మీరు, అందరూ అంత ఇదిగా రాస్తున్నారు?"

"ఏం పెట్టను మేడం. చీర, ఒక ఉత్తరం."

"ఉత్తరంలో ఏం రాస్తారు?"

"చీర ఎట్టా దాచుకోవాలో రాస్తా. నెలకోసారి మడత మార్చమని, జరీ లోపలికి పెట్టమని. మీరూ రాయండి. మీ ఇంగ్లీషు నాకంటే బాగుంటదిగా."

తన ఇంగ్లీషే బాగుంటుందని తెలిసినవాళ్ళు మాత్రమే అలా అనగలరు.

"అంతేనా? ఇంకేం పెట్టరా?"

"ఇంకేం పెట్టకండి మేడం. శుభ్రంగా మడతపెట్టి పంపండి, చాలు."

ఇంత సులువుగా చెప్పిందంటే అసలుది దాచిందని అర్థం చేసుకున్నాను. ఎకనామిక్స్ చదివితే ఇలాంటి అర్థాలు బాగా తడతాయి.

ఆదివారం చీర మడతపెట్టాను. ఉత్తరం ఒకటిన్నర పేజీ వచ్చింది, ఆమెది అరపేజీయే. కుట్లు దగ్గరదగ్గరగా వేశాను, వేలికి మూడుచోట్ల దబ్బనం గుచ్చుకుంది. అయితే గుడ్డ కుట్టేముందు ఇంకో పని చేశాను. మా ఇళ్ళల్లో ఆడమనిషికి చీర పెడితే, మూలల్లో కాస్త పసుపు అద్ది పెడతాం. బోటనీ మేడం వాళ్ళది ఆదివారం ప్రార్థనకు వెళ్ళే కుటుంబం, వాళ్ళకి ఈ అలవాటు లేదు. ఇది ఆమెకు తట్టనే తట్టదు! తడిపసుపు వేలితో తీసుకుని నాలుగు మూలలా, ఏ మూలా చిన్నబుచ్చుకోకుండా, సమానంగా అద్దాను.

రెండు వారాలకు నెట్ సెంటరులో మూడోమాట చదువుకున్నాను. చీర నాలుగు మూలలా పప్పు మరకలున్నాయట. మరకల్లేవని రాసి మోసం చేశానట. నాలుగు మూలలా అంత సమానంగా పప్పు ఒలకబోసుకుని తినగలిగే మనిషి ఎలా ఉంటుందో ఆవిడ ఆలోచించలేదు. ఉత్తరం గురించి ఒక్క ముక్క లేదు. దాని కిందే ఖాతా మూసేశామని వెబ్‌సైటువాళ్ళు మర్యాదగా తెలియజేశారు.

సంగతి చెబితే బోటనీ మేడం నవ్వలేదు. నవ్వితే కొంత బాగుండేది.

"అయ్యో, పసుపని వాళ్ళకేం తెలుస్తదండీ పాపం. మీ చీరలు నాకివ్వండి, నా ఖాతాలో పెడతా. నాకేం వద్దు, అంతా మీకే ఇస్తా."

కాదనడానికి మర్యాదైన కారణం దొరకలేదు. గంధం రంగు ధర్మవరం చీర ఇచ్చాను. దాన్ని వాళ్ళ డాబా మీద, సాయంత్రం ఎండలో ఫోటో తీసింది. ఆ ఫోటో చూస్తే నాకే కొనాలనిపించింది. కొన్నది మళ్ళీ చండీగఢ్ ఆవిడే. ఈసారి పది వాక్యాలు రాసింది. ఇంత మంచి చీర తన దగ్గర ఒక్కటీ లేదట. అమ్మినావిడ అభిరుచే వేరట. చుట్టాల పెళ్ళికి కట్టుకోవాలని మా ఆయనతో పోట్లాడి మరీ నేను కొన్న చీర అది.

బోటనీ మేడం ఆ పది వాక్యాలూ ప్రింటు తీయించుకుని తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇదంతా మీ గురించే మేడం. ఇంకేమన్నా ఉంటే ఇవ్వండి, ఈ వారమే పెట్టేద్దాం."

ఇంట్లో బీరువాలో ఇంకా పదకొండున్నాయి.

"లేవండీ," అన్నాను. "అదే ఆఖరిది."