క్లబ్బు వాళ్ళ పిల్ల

ఏటా ఫాల్గుణంలో మా చీరాల ఇంటి డాబా మీద కారానికి మిరపకాయలు ఆరబోస్తాను. తొడిమలు తీస్తూ కూర్చున్నప్పుడు గాలి ఒక్కసారి నా వైపు మళ్ళుతుంది. గొంతులో ముల్లు దిగినట్టు ఘాటు దిగి, దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. మా అమ్మాయి మంచినీళ్ళ చెంబుతో మెట్లెక్కి వస్తుంది. ఆ ఘాటు పీల్చినప్పుడు ఇంకొకరికైతే కొత్తకారంతో కలిపిన వేడన్నమో, పచ్చడి జాడీయో గుర్తొస్తాయేమో. నాకు మాత్రం పర్చూరులో తలుపులు మూసేసిన ఒక మేడగది, గోడవారగా ట్యూబులైట్లు, గురువారం సాయంత్రం గుర్తొస్తాయి.

మేము దూదేకులవాళ్ళం. ఇంట్లో మాట తెలుగే. నాన్న పేరు సైదులు, పరుపులు కుట్టేవాడు. దీపావళి వెళ్ళి పత్తి తీతలు మొదలయ్యాక ట్రాక్టర్లు పొలాల నుంచి ఊళ్ళోకి వచ్చే దారిపొడుగునా తుమ్మకంపలకు తెల్లటి పత్తి పింజెలు చిక్కుకుని ఉండేవి. మేము పిల్లలం వాటిని ఏరి ఒళ్ళో పోసుకుని తెచ్చి నాన్నకు ఇచ్చేవాళ్ళం. ఆయన పెళ్ళిళ్ళ రోజుల్లో ఇంటి ముందు తాటాకు పందిట్లో కూర్చుని, దూదేకే విల్లును పైనుంచి తాడుకు వేలాడదీసి, నారి మీద కొయ్యగుండుతో కొడుతుంటే టయ్యి టయ్యిమని వీధి చివరిదాకా వినిపించేది. ఆ మోతకు దూది మబ్బులా లేచి ఆయన కనుబొమల మీద, చెవుల్లో, అమ్మ పొయ్యి మీద పెట్టిన చారు గిన్నెలో కూడా వాలేది.

నేను గ్రహణం మొర్రితో పుట్టాను. పై పెదవి ముక్కు దాకా చీలి ఉండేది, లోపల అంగిలీ కలవలేదు. అమ్మ నేను కడుపులో ఉండగా గ్రహణం నాడు కత్తిపీట ముందు కూర్చుని దోసకాయ తరిగిందని నాయనమ్మ పోయేదాకా అంటూనే ఉంది, అమ్మ వింటూనే ఉంది. పాలు తాగితే ముక్కులోంచి వచ్చేవి. మాట ముక్కులో పడి మారిపోయేది. ‘బ’ అంటే ‘మ’ వచ్చేది, ‘ద’ అంటే ‘న’ వచ్చేది. నా పేరు మస్తాన్‌బీ, ఆ పేరే నాకు పలికేది కాదు. అయితే అమ్మ, నాన్న అనే రెండు మాటలు మాత్రం ముక్కుతో పలికేవే కాబట్టి ఎంత బాగా అనేదాన్నో. నాన్న సంతలో నలుగురితో మాట్లాడుతున్నప్పుడు కావాలని నన్ను వెనక్కి వదిలి, నేను "నాన్నా" అని గట్టిగా పిలిచేదాకా తిరిగి చూసేవాడు కాదు.

ఊళ్ళో డాక్టరు గారి ఆసుపత్రిలో మంచాల పరుపులు ఏకి మళ్ళీ కుట్టడానికి నాన్న వెళ్ళినప్పుడు నేనూ వెంట వెళ్ళాను. నోటికి అడ్డంగా అమ్మ పాత చీర చెంగు కట్టుకుని పెరట్లో కూర్చున్నాను. డాక్టరు గారు పొడుగ్గా, బట్టతలతో, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండే మనిషి. దగ్గరికి వచ్చి ఆ గుడ్డ తీసి చూసి, "ఇన్నాళ్ళు ఏం చేస్తున్నావయ్యా సైదులూ" అని నాన్నను కేకలేశారు. ఆ వారమే మా విషయం క్లబ్బులో పెట్టారు. క్లబ్బు అంటే ఊరికి సేవ చేసే పెద్దమనుషులది. పత్తి మిల్లు యజమానులు, పొగాకు కొనేవాళ్ళు, లెక్చరర్లు, పురుగుమందుల కొట్టు నడిపే కార్యదర్శి గారు, అందరూ ప్రతి గురువారం కలిసేవాళ్ళు. కంటి శిబిరాలు పెట్టేవాళ్ళు, బళ్ళో పలకలు పంచేవాళ్ళు. వాళ్ళే నన్ను గుంటూరు పంపి పెదవికి ఒకసారి, అంగిలికి ఒకసారి ఆపరేషను చేయించారు.

ఆ తరవాత మాట నేర్పింది నాన్నే. ఎలా నేర్పాలో డాక్టరు గారు చూపించారు. చిటికెడు దూది అరచేతిలో పెట్టి నా నోటి ముందు పట్టుకునేవాడు నాన్న. "ప" అని సరిగ్గా అంటే దూది ఎగరాలి. ముక్కుతో అంటే కదలదు. పప్పు, పాప, బాబు, పావురం. పొద్దున్నే పందిట్లో మా ఇద్దరి మధ్య ఆ పింజె ఎగిరిందా లేదా అన్నదే ఆట. ఎగిరిన రోజు ఆయన దాన్ని పట్టుకోవడానికి చిన్నపిల్లాడిలా వీధిలోకి పరుగెత్తేవాడు.

మాట వచ్చింది. దానితో పాటే గురువారమూ వచ్చింది.

అంతకు ముందు గురువారమంటే దర్గా. సాయంత్రం అమ్మ స్నానం చేసి, తలకు కొంగు కప్పుకుని, పళ్ళెంలో పంచదార, అగరొత్తులు పెట్టుకుని బయల్దేరితే వీధిలోని పిల్లలమంతా వెనక పడేవాళ్ళం. సాంబ్రాణి పొగ, నెమలీకల కట్టతో తల మీద మెత్తగా తట్టే ముజావరు తాత, చేతిలో పోసిన పంచదార చెమటకు కరిగి వేళ్ళకు అంటుకోవడం, దర్గా వెనక ఇసుకలో చీకటి పడేదాకా తొక్కుడుబిళ్ళ. అవన్నీ ఇప్పుడు మా అన్నకూ, పక్కింటి పిల్లలకూ. నన్ను మాత్రం అమ్మ రెండు జడలు బిగించి, పౌడరు రాసి, ఉన్నవాటిలో మంచి గౌను తొడిగి నాన్న సైకిలు ఎక్కించేది.

క్లబ్బు మీటింగు పత్తి మిల్లు వాళ్ళ గోడౌను మీది మేడలో జరిగేది. కింద గోడౌనులో మిరపకాయల టిక్కీలు, అంటే గోనె బస్తాలు, ఒకదాని మీద ఒకటి నెట్టు కట్టి కప్పుదాకా ఉండేవి. ఆ ఘాటు పైకి రాకుండా మీటింగు మొదలవగానే కిటికీలు, తలుపులు వేసి గడియ పెట్టేవాళ్ళు. అధ్యక్షుడి ముందున్న ఇత్తడి గంటను చిన్న సుత్తితో కొట్టగానే అందరూ లేచి నిలబడేవాళ్ళు. ప్రార్థన, ప్రతిజ్ఞ, కిందటి వారం జరిగినవి చదవడం, ఎవరి పుట్టినరోజైనా ఉంటే గులాబీ ఇచ్చి చప్పట్లు, ఆలస్యంగా వచ్చినవాళ్ళను ఆటపట్టించడం. నేను వేదిక పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కాళ్ళు నేలకు అందక ఊపుకుంటూ, ఊపితే బాగుండదని ఆపుకుంటూ కూర్చునేదాన్ని. నాన్న తలుపు దగ్గర నిలబడేవాడు. కూర్చోమని ఎంత చెప్పినా కూర్చునేవాడు కాదు. చొక్కాకు అంటిన దూది పింజెల్ని ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకుంటూ ఉండేవాడు.

అతిథి ఎవరైనా వస్తే నన్ను పిలిచేవాళ్ళు. ఎవరో ఒకరు ఎప్పుడూ వచ్చేవాళ్ళు. "నా పేరు మస్తాన్‌బీ. నేను బాగా చదువుకుంటాను. పెద్దలందరికీ పాదాభివందనం." కార్యదర్శి గారు రాసిచ్చిన ఆ మాటల్లో నాకు కష్టమైన అక్షరాలన్నీ ఉండేవి. చప్పట్లు. తరవాత గారెలు, అల్లం చట్నీ, గ్లాసులో టీ. నాకే ముందు ఇచ్చేవాళ్ళు. నేను టీ తాగుతుంటే గదంతా చూసేది, ముక్కులోంచి రావడం లేదు కదా అని. ఆఖరున డాక్టరు గారు చేతిలో టార్చి లైటుతో, "నోరు తెరువు తల్లీ" అనేవారు. తెరిచేదాన్ని. వక్కపొడి వాసన, సిగరెట్ల వాసన, సెంటు వాసన నా మొహం మీదకి వంగేవి. "చూశారా, ఎక్కడా కన్నం లేదు" అని ఆయన మురిసిపోయేవారు. ఆయన ముఖంలో ఆ సంతోషం నిజమైనది. అదే నన్ను కట్టి పడేసింది. ఆయన చెడ్డవాడైతే నేను ఎప్పుడో పారిపోయేదాన్ని.

"నాన్నా, ఈ వారం మానేద్దాం" అన్నానొకసారి, సైకిలు వెనక కూర్చుని.

"తప్పు తల్లీ. నీ నోట్లో మాట వాళ్ళు పెట్టిందే గదా. వారానికో తడవ వినిపిస్తే ఏం పోయిద్ది?"

గదిలోనే అయితే కొంత నయం. బయట కూడా నేను క్లబ్బు వాళ్ళ పిల్లనే. ఉప్పు కొనడానికి కొట్టుకు వెళ్తే, "ఏదీ, ఓ మాట మాట్లాడు" అనేవాడు కొట్టాయన. మొర్రి అనే పేరు పోయిందని సంతోషించే లోపు ఈ పేరు వచ్చి పడింది. ఒకసారి బళ్ళో నా జడ లాగిన పిల్లను తిట్టాను. టీచరు నా చెవి పట్టుకుని, "అంతమంది పెద్దలు బాగుచేయించిన నోరు గదే, ఆ నోటితో తిడతావా?" అంది. ఊళ్ళో ప్రతి పిల్లా అలిగేది, అరిచేది, ఎదురు చెప్పేది. నాకు మాత్రం మంచి మాటలకే అనుమతి. నోరు వచ్చిందన్న మాటే గానీ, అది నాది కాదు.

ఏడో తరగతిలో ఉండగా మిరపకాయల కాలంలో ఒక గురువారం, వినుకొండ నుంచి ఇంకో క్లబ్బు పెద్దాయన అతిథిగా వచ్చాడు. కింద టిక్కీలు కొత్తగా దించారు. తలుపులన్నీ వేసినా సందుల్లోంచి ఘాటు వస్తూనే ఉంది, అందరూ రుమాళ్ళు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉన్నారు. నా మాటలు చెప్పాను. టీ తాగాను. డాక్టరు గారు టార్చి వేశారు.

"నోరు తెరువు తల్లీ."

నేను తెరవలేదు. ముందుగా అనుకున్నదేమీ కాదు. పెదవులు వాటంతట అవే బిగుసుకున్నాయి.

"ఏంటమ్మా, పెద్దదానివయ్యావని సిగ్గా?" అన్నారు కార్యదర్శి గారు. ఎవరో నవ్వారు. "పర్లేదులెండి" అన్నాడు అతిథి. "అబ్బే, అది బంగారుతల్లండీ, తెరుస్తది" అన్నారు డాక్టరు గారు, టార్చి వెలుతురు నా మూతి మీద నుంచి తీయకుండా. అప్పుడే నాకు గొంతులో దగ్గు మొదలైంది. దగ్గాలంటే నోరు తెరవాలి. తెరిస్తే లైటు లోపల పడుతుంది. రెండు చేతులా గౌను పట్టుకుని దగ్గును బిగపట్టాను. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, ముఖం కందిపోయి ఉంటుంది. ఏడుస్తోందనుకుని అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. కుర్చీల మధ్య నుంచి నాన్న రావడం నీళ్ళలోంచి చూసినట్టు కనిపించింది. అంత పిల్లనీ ఎత్తి భుజాన వేసుకుని, గడియ తీసి, బయటికి తీసుకొచ్చేశాడు. మెట్ల మీద ఆయన భుజం మీదే దగ్గి దగ్గి టీ అంతా కక్కాను.

సైకిలు మీద ఇంటికి తెచ్చి దించాడు నాన్న. తిట్టినా బాగుండేది. మరుసటి గురువారం కబురు వస్తే, "పిల్లకి జ్వరం" అని చెప్పి పంపాడు.

"అబద్ధం ఎందుకయ్యా?" అంది అమ్మ.

"నిజం చెప్పే నోరు నాకేదే?"

తరవాతి గురువారమూ జ్వరమే, ఆ తరవాతా జ్వరమే. జ్వరం కాబట్టి దర్గాకు వెళ్ళే వీలు లేదు, వీధిలో కనబడే వీలు లేదు. పిల్లలు పంచదార నాకుతూ తిరిగొస్తుంటే తడిక సందులోంచి చూస్తూ కూర్చునేదాన్ని. క్లబ్బు గది నుంచి తప్పించుకుని మా ఇంట్లో చిక్కుకున్నాను.

ఒకరోజు పొద్దున్నే మా పందిరి ముందు స్కూటరు ఆగింది. డాక్టరు గారు మందుల పెట్టెతో దిగారు. విల్లు మోత టక్కున ఆగిపోయింది. "అన్ని రోజులు జ్వరమేంటయ్యా సైదులూ, నాకు చూపించొద్దూ?" అంటూనే లోపలికి వచ్చి, సగం కుట్టిన పరుపు మీద కూర్చుని, నా చంకలో థర్మామీటరు పెట్టారు. అమ్మ పొయ్యి దగ్గర, నాన్న గుంజ దగ్గర నిలబడిపోయారు. ఆయన థర్మామీటరు వెలుతురుకు పెట్టి చూశారు. నా నుదురు తాకి చూశారు.

"జ్వరం లేదే?"

నేనే అన్నాను. "నాకు రావటం ఇష్టం లేదండీ. నోరు చూపెట్టటం ఇష్టం లేదు."

"మస్తానీ!" అన్నాడు నాన్న.

డాక్టరు గారి ముఖం వెలిగిపోయింది. "విన్నావా సైదులూ! ‘ష్ట’ ఎంత స్పష్టంగా పలికిందో విన్నావా? ఏదీ, మళ్ళీ అనమ్మా, ఇష్టం..."

నేను ఆయన వంక చూస్తూ ఉండిపోయాను. నాన్నా చూస్తున్నాడు. పందిట్లో లేచిన దూది ఇంకా వాలలేదు, ఆయన బట్టతల మీద ఒక పింజె వచ్చి పడింది. ఆ ముఖంలో వెలుగు మెల్లగా తగ్గిపోవడం చూశాను. నేను అన్నదేమిటో అప్పటికి గానీ ఆయనకు వినబడలేదు.

"వద్దులే" అన్నారు. "అనొద్దులే తల్లీ."

అమ్మ ఇచ్చిన టీ తాగారు. థర్మామీటరు తుడిచి గొట్టంలో పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. గుమ్మం దిగుతూ, "ఈ జ్వరం ఇప్పట్లో తగ్గేది కాదని క్లబ్బులో నేను చెప్తాలే" అన్నారు నాన్నతో. నాన్న రెండు చేతులూ జోడించాడు. ఆయన వద్దన్నట్టు తల ఊపి స్కూటరు ఎక్కారు. మళ్ళీ నన్ను ఎవరూ పిలవలేదు.

నేను వెళ్ళడం మానేశాను గానీ నా మొహం అక్కడే ఉండిపోయింది. ఆపరేషనుకు ముందొకటి, తరవాతొకటి నాకు ఫోటోలు తీయించి, ఒకే ఫ్రేములో కట్టించి ఆ మేడగది గోడకు తగిలించారు. పెళ్ళి సంబంధాలు చూసే రోజుల్లో, పిల్లాడి తరపు వాళ్ళెవరైనా ఏదో పనిమీద ఆ మెట్లెక్కితే ఏమవుతుందోనని నాకు నిద్ర పట్టేది కాదు. చీరాల నుంచి నన్ను చూసుకోవడానికి వచ్చిన మనిషి నా పెదవి మీది గీతను చూసి, ఏమిటని అడిగి, చెబితే విని ఊరుకున్నాడు. ఆయనతో ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఫ్రేము సంగతి నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

కిందటేడు పర్చూరు వెళ్ళాను. గోడౌనూ లేదు, మేడా లేదు. ఆ చోట సెల్‌ఫోను కొట్ల కాంప్లెక్సు కట్టారు. క్లబ్బు ఇప్పుడు ఒక కల్యాణమండపం ఏసీ హాల్లో కలుస్తుందట. వాళ్ళలో నన్ను ఎరిగినవారు లేరు. డాక్టరు గారు పోయారు, నాన్నా పోయాడు. పరుపులు ప్లాస్టిక్ కాగితంలో చుట్టుకుని కంపెనీ నుంచి వస్తున్నాయి, ఏ వీధిలోనూ విల్లు మోగడం లేదు. మొర్రితో పుట్టిన పిల్లలకు ఊహ తెలియకముందే ఆపరేషను అయిపోతోంది, మా అమ్మాయి అలాంటి పెదవిని కళ్ళతో చూడలేదు. పాత మేడ కూల్చినప్పుడు గోడ మీది ఫ్రేములు ఏమయ్యాయని అడిగాను. ట్రాక్టరులో మట్టితో పాటు వేసి పంపేశామేమో, గుర్తులేదన్నారు.

బస్సులో వస్తుండగా తట్టింది. మా ఇంట్లో నా చిన్నప్పటి ఫోటో ఒక్కటీ లేదు. మొర్రి పిల్లకు ఫోటో ఎవరు తీయిస్తారు? ఎవరి కంట పడుతుందోనని అన్నేళ్ళు భయపడిన ఆ బొమ్మ తప్ప, ఆ మొహం ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. అదీ పోయింది.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. మొన్న మా అమ్మాయి అన్నం తింటూ, "అమ్మ చిన్నప్పుడు ఎట్టా ఉండేది అమ్మమ్మా?" అని అడిగింది. నేను ముద్ద పట్టుకుని ఆగిపోయాను. అమ్మ దాని కంచంలో చారు వడ్డిస్తూ, అదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

"ఎట్టా ఉండేదేందే? నా కూతురు మాదిరే ఉండేది."